స్పేస్‌బార్ నొక్కితే ఆగే అంతరిక్షం

మాది సూళ్లూరుపేట. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మమ్మల్ని తిరుపతిలో కలిపారు గానీ, నేను మటుకు నెల్లూరోణ్ణే. పులికాట్ సరస్సుకి అవతల శ్రీహరికోట, ఇవతల మేము. రాకెట్ అంటే ఏందో మాకొకరు చెప్పాల్సిన పనిలేదు.

అట్టాంటి ఊళ్లో కూర్చుని మా మనవడు లాప్‌టాప్‌లో స్టెల్లారిస్ ఆడతాడు. స్వీడన్ వాళ్లు 2016లో విడుదల చేసిన ఆట. కథ 2200వ సంవత్సరంలో మొదలు. పొద్దున టిఫిన్ అయ్యేలోపు నాలుగు నక్షత్రాలు, మధ్యాహ్నం అన్నానికి పిలిచేసరికి ఏకంగా సామ్రాజ్యం. “రారా, చేపల పులుసు చల్లారిపోతోంది” అంటే స్పేస్‌బార్ నొక్కుతాడు. పాలపుంత మొత్తం ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. పులుసు తిని, చెయ్యి కడుక్కుని వచ్చి మళ్లీ నడిపిస్తాడు.

మా రోజుల్లో ఏదీ మనకోసం ఆగేది కాదు. 1979 ఆగస్టు 10న ఎస్సెల్వీ-3 రాకెట్ లేచింది. 22 మీటర్ల పొడవు, 17 టన్నుల బరువు. ఇంత సరంజామా 40 కిలోల సరుకు పైకి మోయడానికి! రెండో దశ నియంత్రణ వ్యవస్థలో యాసిడ్ కారిపోయి, అయిదు నిమిషాలు దాటీ దాటగానే బంగాళాఖాతం పాలయింది. కలాంగారు ప్రాజెక్టు డైరెక్టరు. అయినా విలేకరుల ముందు ఇస్రో అధిపతి సతీష్ ధావన్‌గారే కూర్చుని బాధ్యత నాదన్నారు. మరుసటేడు 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరినప్పుడు మాత్రం, మాట్లాడమని కలాంగారిని ముందుకి తోశారు. ఈ రెంటికీ మధ్య దాదాపు ఏడాది. ఎంతమంది నిద్రలు పోయుంటాయో!

మావాడి ఓడలు పేలిపోతే ఏం చేస్తాడు? పాత సేవ్ తెరుస్తాడు. పేలిన ఓడ మళ్లీ కంచంలోని అప్పడంలా చెక్కుచెదరకుండా ఉంటుంది. “వెనక్కి పోనీకుండా ఐరన్‌మ్యాన్ మోడ్ కూడా ఉంది తాతా” అన్నాడు. అదెందుకు ఆడవురా అంటే, కష్టమంట.

ఇంకొకటి. మా ఇంటి మేడ మీద నుంచి చూస్తే రాకెట్ వెలుగు ముందొచ్చేది. చప్పుడు దాదాపు నిమిషానికి గానీ చేరదు. ఆ లోపల అందరం నోళ్లు మూసుకుని నిలబడేవాళ్లం. తర్వాత కిటికీ రెక్కలు గడగడలాడేవి. వీడి ఆటలో గాలే లేని చోట ఫిరంగులు అప్పటికప్పుడే ధడేల్మంటాయి. అదేందిరా అంటే, “లేకపోతే బోర్ కొడుతుంది తాతా!”

ఇట్టాంటి ఆటలకి ఫోర్ ఎక్స్ అని పేరట. వెతుకు, విస్తరించు, పిండుకో, తుడిచెయ్. 1993లో మాస్టర్ ఆఫ్ ఓరియన్ అనే ఆట గురించి రాస్తూ ఎవరో అమెరికా ఆయన పెట్టాడంట. అదే ఏడు సెప్టెంబర్ 20న మా మొట్టమొదటి పీఎస్ఎల్వీ సముద్రంలో పడింది. వాళ్లు నక్షత్రాలు పంచుకుంటుంటే మేం శకలాలు లెక్కపెట్టుకున్నాం.

మొన్న పక్కనే కూర్చుని చూస్తున్నా. ఒక గ్రహం మీద జనం ఎక్కువైపోయారని, కొందరిని ఇంకో గ్రహానికి మార్చాడు. ఒక నొక్కుడు, కాస్త ఎనర్జీ ఖర్చు, అంతే. నాకు శ్రీహరికోటలోని యానాదులు గుర్తొచ్చారు. తేనె, కట్టెలు, అడవి సరుకుతో తరతరాలుగా ఆ దీవిలో బతికినవాళ్లు. రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు దీవిలో ఊళ్లు ఖాళీ చేయించారు.

“వాళ్లని అడిగావారా?”

“ఎవుర్ని తాతా?”

“ఆ మార్చినోళ్లని.”

“అడగడం లేదు గానీ, మార్చకూడదనే పాలసీ ఒకటి ఉంది. పెట్టుకుంటే నాకే నష్టం.”

“ముందు అది పెట్టు” అన్నా. హెడ్‌ఫోన్స్ చెవులకి తగిలించుకున్నాడు.