తాడు లాగే ముందు

ఇరవై రెండుసార్లు లాగాడు మా ఆసామి. లెక్క నాకు తెలుసు, తాడు నాదే కదా. ఇరవై మూడోసారికి భుజం పట్టేసి పామాయిల్ చెట్టు మొదట్లో కూలబడ్డాడు. "దీని దుంపతెగ, ఇంజను బోరు పోయినట్టుంది" అన్నాడు.

కొన్నప్పుడు రసీదులో బ్రష్ కట్టర్ అని రాశారు. తోటలో మాత్రం గడ్డి మిషన్నే. 52 సీసీ, ఒక్క సిలిండరు, టూ స్ట్రోకు. జంగారెడ్డిగూడెం పక్కన పామాయిల్ తోటలో నా కొలువు. ఎకరాకి 57 చెట్లు. చెట్టు చుట్టూ పాదు శుభ్రంగా లేకపోతే గెల నుంచి రాలిన పళ్లు గడ్డిలో కలిసిపోతాయి, అందుకని తొలకరి నుంచి దసరా దాకా నాకు ఊపిరి సలపదు. తర్వాత పొగాకు బ్యారన్ పక్క షెడ్డులో మూలన పడుంటాను. పెట్రోలున్న మిషన్ని మంట మండే బ్యారన్ పక్కన పెట్టడం ఏం తెలివో! అడగడానికి నాకు నోరెక్కడిది?

నా జబ్బు ఆ మూలనే పుట్టింది. దసరాకి ట్యాంకులో అరలీటరు ఉండగానే వదిలేశారు. మళ్లీ జూన్‌లో తీశారు.

ముందు కొత్త ప్లగ్గు వేశారు. పని జరగలేదు. ఆసామి మేనల్లుడు సెల్లులో వీడియో చూసి కార్బొరేటరు మీది రెండు స్క్రూలూ తిప్పాడు. ఎటు తిప్పాడో, ఎంత తిప్పాడో సాయంత్రానికి వాడికే గుర్తులేదు. ఇక మోటారు సైకిలు మీద అడ్డంగా కట్టి ఊళ్లోకి బయల్దేరదీశారు. గుర్వాయిగూడెంలో మద్ది ఆంజనేయస్వామికి ఆసామి దణ్ణం పెట్టుకున్నాడు. నేనూ పెట్టుకున్నాను.

మెకానిక్ కుర్రాడు స్పానర్ ముట్టుకోలేదు. ముందు ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. "ఎప్పటి పెట్రోలు బాబాయ్ గారూ?"

"మొన్నే... దసరాకి పోయించాను."

కుర్రాడు నవ్వి, దాన్ని గాజు సీసాలోకి వంపాడు. కాసేపు కదపకుండా ఉంచితే రెండు పొరలు తేలాయి. పైన ఆయిలు రంగు, అడుగున నీళ్లలా తెల్లటిది. "ఇప్పుడొచ్చే పెట్రోల్లో ఐదో వంతు ఇథనాలండి. గాలిలో తేమ పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే రెండూ కలిసి అడుక్కి దిగిపోతాయి. మిషను తాగే గొట్టం ఉండేది అడుగునే కదండీ. మీరు కలిపిన టూటీ ఆయిలు పైపొరలో ఉండిపోతుంది. ఇది స్టార్టవ్వకపోవడమే మంచిదైంది, ఆయిలు లేకుండా తిరిగితే నిజంగానే బోరు పోయేది."

ఆ మాటకి నా సిలిండరు చల్లబడింది. ఇథనాల్ని చెరకుతో, బియ్యంతో, మొక్కజొన్నతో చేస్తారట. నేను గట్ల మీద గడ్డి కోసిపెట్టిన మొక్కజొన్నే ఇలా తిరిగొచ్చిందేమో, ఎవరు చూశారు!

తర్వాత ప్లగ్గు విప్పాడు. పొడిగా ఉంది. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, మంట అందడం లేదని. పొడిగా ఉంటే పెట్రోలే రావడం లేదని. ప్లగ్గు బొక్కలో నాలుగు చుక్కలు కొత్త పెట్రోలు వేసి, ప్లగ్గు బిగించి ఒక్క లాగు లాగాడు. నేను దగ్గి, రెండు క్షణాలు తిరిగి ఆగిపోయాను. "ప్రాణం ఉందండి. తిండి అందట్లేదు" అన్నాడు. తాడు ఇరవై రెండుసార్లు లాగించుకున్న తర్వాత నన్ను అర్థం చేసుకున్న మొదటి మనిషి.

ఇక దారి వెంబడి వెతికాడు. పెట్రోలు ఎక్కించే రబ్బరు బుడగ నొక్కితే మళ్లీ పైకి లేవలేదు. అంటే వెనకాలే ఎక్కడో అడ్డు. ట్యాంకులో ఫిల్టరు జిగురు పట్టి ఉంది. పెట్రోల్లో తేలికైనది ఆవిరైపోతే మిగిలేది ఆ జిగురే. కార్బొరేటరు విప్పితే లోపల పల్చటి పొర, డయాఫ్రం అంటారు, ఎండిన తమలపాకులా బిరుసెక్కింది. నన్ను ఎటు వంచినా పెట్రోలు అందించేది అదే. పొర, ఫిల్టరు, గొట్టం మార్చాడు. స్క్రూలు రెండూ మెల్లగా మూసి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి, నా అరుపు విని సరిచేశాడు. లీటరు కొత్త పెట్రోలుకి 40 మిల్లీలీటర్ల ఆయిలు కలిపాడు. రెండో లాగుకే లేచాను.

మర్నాడు తోటలో పది నిమిషాలు కోసి మళ్లీ ఆగిపోయాను. ఆసామి ఫోనులో కుర్రాడి మీద విరుచుకుపడ్డాడు. "మూత వదులు చేసి చూడండి బాబాయ్ గారూ" అన్నాడతను. వదులు చేస్తే ఉస్సుమని గాలి లోపలికి వెళ్లింది. మూతకున్న సన్నటి గాలి రంధ్రం మట్టితో మూసుకుపోయింది. పెట్రోలు తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి, రాకపోతే చుక్క కూడా బయటికి రాదు. ఊదితే పోయింది. ఈ సంగతి కార్బొరేటరు విప్పకముందే చూడాల్సింది, కుర్రాడూ మరిచిపోయాడు.

ఈ దసరాకి ఆసామి ట్యాంకు వంపేసి, నాకై నేను ఆగేదాకా నడిపించి, ట్యాంకు మీద సుద్దతో 'ఖాళీ' అని రాశాడు. షెడ్డు మాత్రం మార్చలేదు.