ధర అడిగితే కైఫీయతు

మదనపల్లె బెంగళూరు బస్టాండు దగ్గర టీ అంగట్లో నిలబడి "ఈపొద్దు టమోటా ఎంత పలికిందబ్బా?" అని అడిగి చూడండి. ముగ్గురు ధర చెబుతారు. నాలుగో ఆయన గొంతు సవరించుకుంటాడు. గ్లాసు బెంచీ మీద పెట్టి, కండ్లద్దాలు తుడుచుకుని, "ధర సంగతి తెలియాలంటే మనం 1800కు పోవల్ల" అంటాడు. ఆ ఏడు నిజాం ఈ సీమను కుంఫిణీకి ఒప్పజెప్పాడు, థామస్ మన్రో కలెక్టరై వచ్చాడు, చేను చేనుకూ కొలత వేయించి శిస్తు కట్టాడు... మన్రో దొర గుర్రం దిగేలోపల మీ బస్సు వెళ్ళిపోయుంటుంది. ఆయనే పాడ్‌కాస్ట్ సారు.

ఆర్థిక చరిత్ర చదువుకున్నవాడికి మునుపు శ్రోతలంటూ ఉండేవాళ్ళు కాదు. క్లాసులో కూర్చున్నవాళ్ళను శ్రోతలనలేం, వాళ్ళకు అటెండెన్సు భయం. సారు పీహెచ్‌డీ గ్రంథాన్ని ఆయన గైడు చదివాడు, పరీక్షకుడు చదివి ఉండవచ్చు, ఆ తర్వాత చెదపురుగులు శ్రద్ధగా చదివాయి. రిటైరయ్యాక ఆ జ్ఞానమంతా లోపలే ఊరుతూ ఉండగా 2020లో లాక్‌డౌన్ వచ్చింది. బెంగళూరు నుంచి ఇంటికొచ్చిన కొడుకు, బీబీసీ వరల్డ్ సర్వీసులో టిమ్ హార్‌ఫర్డ్ చేసిన సిరీస్ వినిపించాడు. ఆధునిక ఆర్థిక వ్యవస్థను తయారుచేసిన యాభై వస్తువుల మీద 2016లో మొదలైన సిరీస్ అది. ఒక్కో వస్తువు కథ తొమ్మిది పది నిమిషాల్లో ముగించేస్తాడు. సారు విని, "తొమ్మిది నిమిషాలా! నాకు పీఠికకే చాలవే" అన్నాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా.

స్టూడియో అంటే పడకగది. ప్రతిధ్వని రాకూడదని రగ్గు కప్పుకుంటాడు, గాలి చప్పుడు పడకూడదని ఫ్యాను ఆపేస్తాడు. చొక్కాకు తగిలించుకునే చిన్న మైకు ఆన్‌లైన్లో తెప్పించాడు గానీ, క్లాసు చెప్పిన గొంతు కదా, మైకు లేకున్నా వీధి చివరిదాకా వినపడుతుంది. వంటింటి కుక్కరు మాత్రం చరిత్రను ఖాతరు చేయదు. జమీందారీ మీద చేసిన ఎపిసోడ్‌లో మొదటి విజిల్ పేష్కషు దగ్గర, రెండోది జప్తు దగ్గర పడ్డాయి. మూడోదానికి సారు ఆగి, "ఒసేయ్, అన్నం అయినట్టుండాది" అన్నాడు. అదీ అలాగే ప్రసారమైంది.

మన్రో అంటే సారుకు లోలోపల ప్రేమే. బయటికి మాత్రం "వలస పాలకుడు" అంటాడు. 1807లో పోతూ పోతూ మెట్ట, తరి పొలాల శిస్తు నాలుగోవంతు తగ్గించమని రాశాడనీ, పైవాళ్ళు అప్పట్లో చెవిన పెట్టలేదనీ చెప్పేటప్పుడు గొంతు కొంచెం మెత్తబడుతుంది. కడప వైపు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారని చెప్పకుండా ఎపిసోడ్ ముగించడు. మదనపల్లె 1911 దాకా కడప జిల్లాది, రైతువారీ తాలూకా. పుంగనూరు ఉత్తర ఆర్కాటు జమీందారీ. ఈ ఒక్క ముక్కతో రెండూళ్ళ మధ్య తేడాలన్నీ వివరించేస్తాడు, పుంగనూరు బస్సు ఆలస్యంగా రావడంతో సహా.

ఇంతలా ఆటపట్టిస్తున్నాను గానీ, ధాత కరువు మీద చేసిన ఎపిసోడ్ సంగతి వేరు. 1876–78 కరువులో పని కేంద్రాల్లో కూలీ మరీ ఎక్కువిస్తున్నారని సర్ రిచర్డ్ టెంపుల్ కోత పెట్టాడు. మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా. పౌనంటే జనానికి అర్థం కాదని సారు ఆ రోజు మైకు పట్టుకుని వంటింట్లోకి నడిచాడు. భార్య చేత కాటా మీద 450 గ్రాముల రాగులు తూకం వేయించి, చేటలో పోయించాడు. సర్రుమని చిన్న చప్పుడు, అంతే. ఆమె చేట వైపు చూసి, "ఏమండీ, పొద్దస్తమానం మట్టి మోసినోడికి ఇదేనా?" అంది. సారు ఏదో చెప్పబోయి ఊరుకున్నాడు. నలభై పుటల నివేదికలు చదివి వినిపించినా రాని సంగతి ఆ ఊరుకోవడంలో వచ్చింది. ఆ ఎపిసోడ్ తర్వాత ఆమె కూడా రగ్గులోకి వచ్చేసింది.

వచ్చాక సారుకు కష్టాలు మొదలయ్యాయి. సంగటి, ఊరిబిండి మీద మాట్లాడుతూ రాగులు ఆఫ్రికావనీ, చెనక్కాయలూ మిరపకాయలూ అమెరికా ఖండాలవనీ, టమోటా కూడా అక్కడిదేననీ వరస పెట్టాడు. "మరి మనదేముంది దీంట్లో?" అందామె. "ఉప్పు." "అబ్బ, అదన్నా మిగిలింది." "1805లో దాన్నీ కుంఫిణీ గుత్తకు పట్టేసింది." ఆ పూట సారుకు సంగటి ఒక ముద్దే పడింది.

ఎడిటింగు చేసేది పాత శిష్యుడు, సెల్‌ఫోన్ల అంగడి వాడు. అసలు చిక్కు వాడితోనే. 1700లో ప్రపంచ ఉత్పత్తిలో మన దేశం వాటా 24 శాతానికి పైనే, 1950 నాటికి 4 శాతం చిల్లర అని ఆంగస్ మాడిసన్ కట్టిన లెక్కను సారు ఒకసారి చెప్పాడు. చెప్పి, దాని వెనకే అరగంట సేపు ఆ లెక్క ఎలా కట్టారో, ఎక్కడెక్కడ రికార్డులు లేక అంచనాలతో పూడ్చారో, ఔరంగజేబు కొలువులో జాతీయాదాయం లెక్కించే గుమాస్తా లేడనీ, సైమన్ కుజ్నెట్స్ అమెరికాకు ఆ లెక్క కట్టి ఇచ్చిందే 1934లోననీ వివరించాడు. శిష్యుడు అంతా విని, "సార్, లాస్టులో నసుగుడు కట్ చేసేసినా" అన్నాడు. మిగిలిన అరనిమిషానికి డప్పుల మ్యూజిక్ పెట్టాడు. నన్నడిగితే సారు సరుకంతా ఆ నసుగుడులోనే ఉంది. కానీ వాట్సాప్ స్టేటస్‌లోకి ఎక్కింది ఆ అరనిమిషమే. నెల తిరక్కుండానే ఒక పెండ్లిలో పక్క విస్తరాయన సారు భుజం తట్టి, "మీకు తెలుసునా సార్, ప్రపంచంలో పావుభాగం మనదే" అని సారుకే పాఠం చెప్పాడు. సారు "అయితే ఆ లెక్కలో..." అనేలోపల పాయసం వచ్చింది.

పుంగనూరులో ఇదే జాతి ఇంకో రకం. అక్కడి సారు పాళెగాళ్ళ మీద, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం మీద ప్రాణం పెట్టి చెబుతాడు. వినేవాళ్ళకు మాత్రం ఆవు కావాలి. మూడడుగులు కూడా దాటని పుంగనూరు పొట్టి ఆవు బొమ్మ పెట్టనిదే ఎపిసోడ్ ఎవరూ ముట్టరు. పెడితే, "జతకు ఎంతవుతుంది సార్?" అని ఫోన్లు.

కుప్పంలో కుర్రవాళ్ళు. ద్రావిడ విశ్వవిద్యాలయం 1997 నుంచి అక్కడే ఉంది కదా, వాక్యం తెలుగులో ఎత్తుకుని కన్నడంలో నడిపి తమిళంలో దించుతారు. ఒకడు కోలారు గనుల మీద చేశాడు. 1880ల్లో జాన్ టేలర్ కంపెనీ తవ్వకాలు, 1902లో శివనసముద్రం నుంచి వచ్చిన కరెంటు, 2001లో గనుల మూసివేత, అన్నీ ఉన్నాయి. పేరు కేజీఎఫ్ అని పెట్టాడు. జనం ఎగబడ్డారు. సినిమా హీరో యశ్ ఎంతకూ రాకపోయేసరికి దిగిపోయారు.

మళ్ళీ మదనపల్లెకే వస్తాను. 2023 జూలై ఆఖరులో ఇక్కడి మార్కెట్‌లో టమోటా కిలో 190 రూపాయలు దాటినప్పుడు సారుకు పండగే అయింది. ధరలు ఎందుకు పెరుగుతాయో మూడు భాగాలుగా చెబుతానని ప్రకటించాడు. మొదటి భాగంలో టమోటా సముద్రం దాటింది. రెండో భాగం మార్కెట్ యార్డుల పుట్టుక, 1933 మద్రాసు వాణిజ్య పంటల చట్టం. మూడో భాగానికి రగ్గు కప్పుకునేసరికి సెప్టెంబరు వచ్చింది, ధర కుప్పకూలింది. మరునాడు నీరుగట్టువారిపల్లె మండీలో ఒక రైతు సారుకు దండం పెట్టి, "ఈసారి ఏ కాయ మీద చెప్పబోతారో మాకు ముందే చెప్పండి సామీ, అమ్ముకోని బయటపడతాం" అన్నాడు.

ఈ మాట ఊరు దాటి పోయింది. సారు చింతపండు మీద నోట్సు రాసుకుంటున్నాడని తెలిసి, సరుకు నిల్వ పెట్టుకున్న పుంగనూరు వ్యాపారి ఒకాయన తెల్లవారకముందే ఫోన్ చేశాడు. "సార్, ఇంకో పది దినాలు మైకు పట్టుకోవద్దు. లారీ మాట్లాడుకున్నా."