పీకి పెట్టే శాస్త్రం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల జెరాక్స్ దుకాణాల్లోను, మీసేవ కేంద్రాల్లోను, గ్రామ సచివాలయాల్లోను ల్యాప్‌టాప్‌కు తగిలించిన ప్రింటరు పలకనప్పుడు ఆచరణలోకి వచ్చే శాస్త్రానికి ఒకే ఒక సూత్రం ఉంది: "ఒగసారి పీకి పెట్టప్పా." సూత్రం ఒకటే అయినా వ్యాఖ్యానాలు శాఖను బట్టి మారుతాయి. ల్యాప్‌టాప్ వైపు ఉన్న కొననే పీకాలని ఒక శాఖ, ప్రింటరు వెనుక ఉండే నలుచదరపు కొనను పీకితేనే ఫలమని మరొక శాఖ పట్టుబడతాయి; రెండు యంత్రాలనూ ఆర్పి, పది అంకెలు లెక్కపెట్టి, మళ్లీ వెలిగించాలని, అంతవరకు భేదబుద్ధి పనికిరాదని అద్వైత శాఖ బోధిస్తుంది. కుప్పం వైపు ఈ శాస్త్రచర్చ తెలుగు, తమిళ, కన్నడ భాషలు మూడింటిలోనూ సాగుతుంది కనుక 1997లో అక్కడ ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం దీనిని తులనాత్మక అధ్యయనానికి స్వీకరిస్తే ఒక పరిశోధన పట్టాకు సరిపడే సామగ్రి సులభంగా దొరుకుతుంది.

ఈ శాస్త్రం మీద మోపవలసిన నేరం అది పనిచేయదన్నది కాదు, చాలాసార్లు పనిచేస్తుందన్నదే. వైరు పీకి పెట్టగానే కాగితం వస్తే, అది ఎందుకు వచ్చిందో, అంతకుముందు ఎందుకు రాలేదో అడిగే అవసరం ఎవరికీ ఉండదు. అడగని ప్రశ్నకు జవాబు ఉండదు గనుక అదే జబ్బు మరునాడు అదే బల్ల మీద తిరిగి మొదలవుతుంది, దానికి అదే చికిత్స జరుగుతుంది. ఇలా సంవత్సరాల తరబడి సాగిన అజ్ఞానానికి కాలక్రమంలో "అనుభవం" అని పేరు వస్తుంది.

విషయం స్వల్పమని తోసిపుచ్చేవారు రామసముద్రం వంటి మండలంలో ఒక కాగితానికి ఉన్న బరువును తూచి చూడలేదు. కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న ఈ మండలంలో టమోటా, వేరుశనగ పండించే రైతు బ్యాంకు గడప తొక్కాలంటే, పొలంలో ఏ పంట ఉందో చెప్పే అడంగలూ, ఆ భూమి ఎవరి పేరిట ఉందో చెప్పే 1-బి నకలూ చేతిలో ఉండాలి. వీటిని కంప్యూటరు ద్వారా ఇచ్చే మీసేవకు 2011 నవంబరులో శ్రీకారం చుట్టింది నాటి చిత్తూరు జిల్లాలోనే. 2015లో మీభూమి వెబ్‌సైటు, 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు, 2025 జనవరిలో వాట్సాప్ ద్వారా సేవలు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. ప్రతి దశలోనూ పాలన ప్రజల ముంగిటికి చేరిందని ప్రకటనలు వెలువడ్డాయి, అవి అబద్ధాలు కూడా కావు. అయితే పాలన వందల కిలోమీటర్లు నిమిషంలో దాటి వచ్చి, ల్యాప్‌టాప్‌కూ ప్రింటరుకూ మధ్య ఉన్న మూరెడు తీగ దగ్గర ఆగిపోతుంది. ఫోనులో సర్టిఫికెట్ చూపిస్తే "ప్రింట్ తీసుకురా" అనే బల్లలు ఉన్నంతకాలం ఆ మూరెడు తీగే రాష్ట్రంలోకెల్లా పొడవైన రహదారి.

ఆ తీగ పేరు యూఎస్‌బీ. ప్రింటరు, కీబోర్డు, స్కానరు ఒక్కొక్కటి ఒక్కో ఆకారపు ప్లగ్గును కోరే రోజుల్లో, అన్నింటికీ ఒకే పద్ధతి ఉండాలని ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఐబీఎం తదితర కంపెనీలు కూడబలుక్కుని తయారుచేసిన ప్రమాణం అది. 1996 జనవరిలో తొలి రూపం వెలువడింది, దాని రూపకర్తల్లో ముఖ్యుడైన అజయ్ భట్ వడోదరలో చదివిన ఇంజనీరు. దానితోపాటు చేసిన వాగ్దానం "ప్లగ్ అండ్ ప్లే", అనగా తగిలిస్తే చాలు, తక్కినది యంత్రమే చూసుకుంటుందని. 1998 ఏప్రిల్‌లో షికాగో కామ్‌డెక్స్ ప్రదర్శనలో, బిల్ గేట్స్ వేదిక మీద ఉండగానే, విండోస్ 98కు ఒక స్కానరును యూఎస్‌బీ ద్వారా తగిలించి ఈ వాగ్దానాన్ని నిరూపించబోతే తెర నీలమై యంత్రం స్తంభించింది. సభ నవ్వింది, గేట్స్ కూడా నవ్వాడు, రెండు నెలలకు సరుకు మార్కెట్లోకి వచ్చింది. ఆ తరువాత ప్రింటరు కంపెనీలు మరింత నిజాయితీగా వ్యవహరించి, ముందుగా సాఫ్ట్‌వేర్ ఎక్కించేవరకు వైరు తగిలించరాదని హెచ్చరించే స్టిక్కరును యూఎస్‌బీ రంధ్రం మీదే అతికించి అమ్మాయి. తగిలిస్తే చాలునన్న సరుకు మీద తగిలించవద్దన్న చీటీని చూసి కూడా ఎవరికీ అనుమానం రాకపోవడానికి కారణం సులభం: ఆ చీటీని చింపనిదే వైరు దూరదు.

ఇక తెర మీద కనిపించే "ప్రింటర్ ఆఫ్‌లైన్" అన్న ప్రకటన సంగతి. వైరు బిగించి ఉంటుంది, ప్రింటరు మీద పచ్చదీపం వెలుగుతూ ఉంటుంది, అయినా కంప్యూటరు మాత్రం ప్రింటరు అందుబాటులో లేదని ఘంటాపథంగా చెబుతుంది. దీని వెనుక ఎక్కువసార్లు ఉండేది చాలా మామూలు కారణం. విండోస్ ప్రతి యూఎస్‌బీ ప్రింటరుకూ లోపల ఒక ఊహాత్మక ద్వారాన్ని, అనగా పోర్టును కేటాయించి, దానికి యూఎస్‌బీ001, యూఎస్‌బీ002 అని సంఖ్యలు వేస్తుంది. తన క్రమసంఖ్యను కంప్యూటరుకు చెప్పుకోలేని ప్రింటరు అయితే, నిన్న ఎడమవైపు రంధ్రంలో ఉన్న వైరును నేడు కుడివైపు రంధ్రంలో పెట్టగానే విండోస్ దానిని కొత్త ప్రింటరుగా భావించి, పాత పేరుకే "కాపీ 1" అని తోక తగిలించి, కొత్త పోర్టు ఇస్తుంది. పనులు మాత్రం పాత పేరుకే వెళుతుంటాయి. పాత పోర్టు దగ్గర ఎవరూ లేరు గనుక "ఆఫ్‌లైన్" అన్న తీర్పు వెలువడుతుంది. చిరునామా ఇలా మారడం మనుషుల లోకంలోనూ ఉంది: 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విభజించినప్పుడు రామసముద్రం మండలం చిత్తూరు జిల్లా నుంచి అన్నమయ్య జిల్లాకు మారింది. పాత చిరునామాతో వచ్చిన అర్జీని చూసి ఏ గుమాస్తా కూడా రామసముద్రం అనే మండలం భూమి మీద లేదని ఎండార్స్‌మెంట్ రాయలేదు. రెవెన్యూ శాఖ గుమాస్తాకు ఉన్నపాటి లోకజ్ఞానం ప్రపంచంలోని అతిపెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ సరుకుకు లేకపోయిందనడం అతిశయోక్తి కాదు. పనులు పాత పోర్టుకు వెళుతున్నాయన్న సమాచారమూ, ప్రింటరు వేరే పోర్టులో ఉందన్న సమాచారమూ కంప్యూటరు దగ్గరే ఉన్నాయి; ఆ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చదివే పని మాత్రం ఎవరికీ అప్పగించలేదు.

ఇక్కడే పీకి పెట్టే శాస్త్రం తన మహిమ చూపుతుంది. కుడివైపున పీకిన వైరును దైవికంగా ఎడమవైపు పెడితే పాత పోర్టు ప్రాణం పోసుకుంటుంది, అంతవరకు పాత వరుసలో నిలిచిపోయిన పనులన్నీ ఒక్కసారిగా బయటికి వస్తాయి. ఒక కుల ధ్రువీకరణ పత్రం కోసం పదేపదే నొక్కిన పాపానికి ఆ పత్రం పదేపదే ముద్రితమై ట్రే నుంచి నేల మీదకు జారుతుంది. దుకాణదారు వైరు బాగుపడిందని సంతోషిస్తాడు. కాగితాల ఖర్చు ఎవరి ఖాతాలో పడాలన్న వాదంలో అసలు కారణం ఎటుపోయిందో ఎవరూ చూడరు.

వైరు పీకినా, ల్యాప్‌టాప్ ఆర్పి వెలిగించినా లొంగని జబ్బు స్పూలరుది. ముద్రించవలసిన పనులను వరుసలో పెట్టి ఒక్కొక్కటిగా ప్రింటరుకు అందించే అంతర్గత సేవకు స్పూలర్ అని పేరు. ఆ పనులు డిస్కు మీద ఒక ఫోల్డరులో ఫైళ్లుగా ఉంటాయి. వాటిలో ఒకటి చెడిపోతే దాని వెనుకవన్నీ ఆగుతాయి; కంప్యూటరును రీస్టార్ట్ చేసినా డిస్కు మీది ఫైలు చెక్కుచెదరదు గనుక చెడిన పని మళ్లీ వరుసకు మొదటనే నిలబడుతుంది. స్పూలర్ సేవను ఆపి, ఆ ఫోల్డరును ఖాళీ చేసి, సేవను తిరిగి ప్రారంభిస్తే అడ్డు తొలగుతుంది. ఈ చిన్నపని తెలియనిచోట శాస్త్రంలోని చివరి ప్రాయశ్చిత్తమైన "ఫార్మాట్ కొట్టడం" జరుగుతుంది: మదనపల్లె నుంచో పుంగనూరు నుంచో మెకానిక్కును పిలిపించి, విండోస్ మొత్తాన్ని చెరిపి, మళ్లీ ఎక్కించి, అందుకు రుసుము చెల్లిస్తారు. చెడిన ఫైలు ఒక్కటి పోవడానికి దాచుకున్న ఫైళ్లన్నీ పోతాయి, ప్రింటరు పనిచేస్తుంది, శాస్త్రానికి ఇంకొక దృష్టాంతం చేరుతుంది.

న్యాయంగా చెప్పాలంటే పీకి పెట్టడానికి సరైన హేతువు ఉన్న సందర్భాలూ లేకపోలేదు. మన చిన్న ఊళ్ల దుకాణాల్లో చాలాకాలం రాజ్యమేలిన హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 వంటి ప్రింటర్లకు, తమను నడిపే మూల ఆజ్ఞల సంపుటిని, అనగా ఫర్మ్‌వేరును, కరెంటు పోయినా దాచుకునే జ్ఞాపకం లేదు. వెలిగించిన ప్రతిసారీ కంప్యూటరులోని డ్రైవర్, అంటే ప్రింటరు భాష తెలిసిన మధ్యవర్తి సాఫ్ట్‌వేర్, దానికి ఆ పాఠాన్ని మొదటినుంచి చెప్పాలి. కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నిక్షేపంగా ఉంటుంది, ప్రింటరు మాత్రం చదివినదంతా మరిచి లేస్తుంది. మధ్యవర్తి ఆ సంగతి గమనించకపోతే, వైరు పీకి పెట్టడం ద్వారా ఇది కొత్త రాక అని అతనికి గుర్తుచేయవలసి వస్తుంది. అలాగే బ్యాటరీ ఆదా పేరిట యూఎస్‌బీ రంధ్రాలను నిద్రపుచ్చే అమరిక కూడా ల్యాప్‌టాప్‌లో ఉంది; డివైస్ మేనేజరులో ఒక టిక్కు తీసేస్తే అది ఆగుతుంది. కారణం తెలిసి పీకినవాడికి అది మరమ్మతు. తెలియక పీకినవాడికి అది వ్రతం. బయటినుంచి చూసేవారికి రెండు చర్యలూ ఒకేలా కనిపించడం వల్ల ఈ శాస్త్రం ఇన్నాళ్లు నిలిచింది.

వరుసలో నిలుచున్న రైతుకు మాత్రం ఇవేవీ చెప్పరు. అతనికి చెప్పేది మరొకటి: "సర్వరు లేదు, రేపు రాన్నా." పత్రం అప్పటికే ల్యాప్‌టాప్ తెర మీద ఉంది, సర్వరు తన పని ముగించి కూడా చాలాసేపయింది, అయినా ఎక్కడో దూరంగా ఉండి నోరెత్తని నిందితుడు కావాలి గనుక సర్వరు దొరికింది. కేంద్రం నడిపేవారిని దీనికి తప్పుపట్టడం సగం న్యాయమే. వారికి వెబ్‌సైటులో ఏ గడిలో ఏమి నింపాలో నేర్పుతారు, నింపిన తరువాత వచ్చేదానిని కాగితం మీదకు ఎలా దింపాలో నేర్పే బాధ్యత ఎవరిదో తేలలేదు. సరుకు అమ్మిన కంపెనీ డ్రైవరును నిందిస్తుంది, డ్రైవర్ రాసినవారు విండోస్‌ను నిందిస్తారు, విండోస్‌లో ఉండే ట్రబుల్‌షూటర్ కాసేపు గిరగిర తిరిగి సమస్యను గుర్తించలేకపోయానని వినయంగా సెలవు తీసుకుంటుంది. పనివాడికి కారణాలతో పనిలేదు, కాగితం వస్తే చాలునని వాదించే పెద్దలు కూడా ఉన్నారు; వారి పని ఎన్నడూ రేపటికి వాయిదా పడదు గనుక ఆ వాదం వారికి చౌకగా దొరుకుతుంది.

ప్రింటరు ఎందుకు పలకదో తెలుసుకోవాలన్న పట్టుదలకు చరిత్రలో చోటు లేకపోలేదు. అమెరికాలో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలకు జెరాక్స్ కంపెనీ ఒక లేజర్ ప్రింటరును ఇచ్చినప్పుడు, కాగితం ఇరుక్కోగానే అందరి తెరల మీదా ఆ సంగతి చెప్పించాలని రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామరు తలచాడు. పాత ప్రింటరుకు ఆ ఏర్పాటు చేసినవాడే గనుక అది అతనికి కొత్త కాదు. ఈసారి సాఫ్ట్‌వేర్ మూలపాఠాన్ని ఇవ్వడానికి నిరాకరించారు. ఆ నిరాకరణను మరువని మనిషి 1983లో గ్ను ప్రాజెక్టును ప్రకటించాడు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి పునాది పడింది. ఆయనకు పీకి పెట్టే శాస్త్రంలో ప్రవేశం ఉండి ఉంటే ప్రపంచానికి ఒక ఉద్యమం తప్పిపోయేది, ఆయనకు సమయం చాలా మిగిలేది.

అన్ని దశాబ్దాల తరువాత, 2025 జనవరి చివరలో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ఒక విండోస్ అప్‌డేట్ వల్ల, రెండు పద్ధతుల్లో మాట్లాడగలిగే కొన్ని యూఎస్‌బీ ప్రింటర్లు ఎవరూ అడగకుండానే కాగితాలు ముద్రించసాగాయి. వాటి మీద ఉన్నది కంప్యూటరు లోలోపల ప్రింటరుకు పంపే ఆజ్ఞల పాఠం. యంత్రాలు రెండూ ఏమి మాట్లాడుకుంటాయో మనిషి కంటికి కనిపించేలా, అదీ అచ్చువేసి, చేతికి ఇచ్చిన అరుదైన సందర్భం అది. కంపెనీ దానిని లోపంగా అంగీకరించి, మార్చి నెలాఖరుకల్లా సవరించింది. ప్రింటర్లు తిరిగి "ఆఫ్‌లైన్" అని మాత్రమే చెప్పే పూర్వస్థితికి చేరుకున్నాయి.