నా ముల్లు కదిలే వేళ

నా డబ్బా మీద కూలింగ్ సిస్టం ప్రెషర్ టెస్టర్ అని అచ్చువేసి ఉంది. గనుల ఊరు కిరండూల్‌లో ఆ పేరుతో నన్నెవరూ పిలవరు. ఉస్తాద్‌కి నేను ‘పంపు’, హెల్పరు కుర్రాడికి ‘మీటర్’. చేత్తో కొట్టే చిన్న పంపు, జానెడు రబ్బరు గొట్టం, కొసన రేడియేటర్ మూతి మీద బిగిసే మూత, మధ్యలో ముల్లున్న డయలు: ఇంతే నా ఒళ్ళు. సైకిలుకి గాలి కొట్టేదనుకుని ఎత్తుకుపోబోయినవాళ్ళున్నారు.

విశాఖపట్నంలో ఒక స్పేర్ పార్టుల కొట్లో కొన్నాడు నన్ను ఉస్తాద్. కిరండూల్ పాసింజర్‌లో సీటు కింద పడుకుని 58 సొరంగాలు దాటాను. బైలడిలా ఇనుప ఖనిజాన్ని సముద్రం దాకా దింపి జపాన్ ఉక్కు కొలుములకు పంపడానికి వేసిన లైను అది. 14వ నిక్షేపంలో 1968లో పని మొదలైంది. అప్పటినుంచీ అటు ఖనిజం దిగుతుంటే, ఇటు గాస్కెట్లూ రెంచీలూ మనుషులూ ఎక్కుతున్నారు. ఉస్తాద్ నాన్న అలా విజయనగరం వైపు నుంచి ఎక్కినవాడే. ఈ గనులు నడిపే ఎన్.ఎం.డి.సి. పెద్దాఫీసు హైదరాబాద్‌లో ఉండబట్టి కూడానేమో, ఇక్కడి బజార్లో గోండీ, హల్బీ, హిందీల నడుమ తెలుగు ధారాళంగా వినిపిస్తుంది. గనుల్లో తిరిగే పెద్ద డంపర్లకు వాటి వర్క్‌షాపులు వాటికున్నాయి. నా దగ్గరికొచ్చేవి రోడ్డు బళ్ళు.

నా పని చెప్పడం సులువు. ఇంజన్ చల్లారాక రేడియేటర్ మూత తీసి నన్ను బిగిస్తారు. ఆ మూత మీద 0.9 అని ఉంటే 13 పి.ఎస్.ఐ. దాకా కొడతారు, అంతకు మించి కాదు. మించితే లేని కారుడు పుట్టుకొస్తుంది. తర్వాత చూస్తూ కూర్చోవడమే. ముల్లు నిలబడితే నీళ్ళు బయటికి పోవడం లేదు. దిగితే ఎక్కడో పోతున్నాయి.

అందరూ అడిగేది ఎక్కడ అని. అది నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా ఎప్పుడు అన్నదే. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, ‘ఎప్పుడు’ పట్టుకున్నవాడికి ‘ఎక్కడ’ తొందరగా దొరుకుతుంది. డిసెంబరు పొద్దున చలికి బిగుసుకున్న హోస్ పైపు, క్లిప్పు దగ్గర చుక్కలు రాలుస్తుంది. ఇంజన్ వేడెక్కాక అదే పైపు పట్టు బిగించుకుంటుంది. మధ్యాహ్నం చూసే మెకానిక్కుకి అది జన్మలో దొరకదు. కొండెక్కేటప్పుడు మాత్రమే నీళ్ళు కక్కే జీపుకి రేడియేటర్ మూతలో స్ప్రింగు సడలి ఉంటుంది. విశాఖ తీరాన 100 డిగ్రీల దగ్గర మరిగే నీళ్ళు పన్నెండు వందల మీటర్ల బైలడిలా శిఖరాల మీద 96కే మరుగుతాయి. ఒక్కో పి.ఎస్.ఐ. పీడనానికి ఆ మరిగే వేడి ఇంచుమించు ఒకటిన్నర డిగ్రీ పెరుగుతుంది. మూత ఆ పీడనాన్ని పట్టలేకపోతే కొండమీద ముందుగా బయటపడుతుంది. మూతనూ నాకు బిగించి పరీక్షించొచ్చు. కానీ ఆ ఓపిక తక్కువమందికి. అందరి కళ్ళూ హెడ్ గాస్కెట్ మీదే.

ఉస్తాద్‌కి ఇంకో పట్టింపు ఉంది. ఎర్ర కూలెంట్ కొట్లో పెట్టడు. ఇక్కడ దుమ్ము ఎరుపు, వానాకాలంలో వాగు ఎరుపు, బ్లాకు మీద పేరుకున్న మట్టీ ఎరుపే. ఆ ఎరుపులో ఎర్ర చుక్క ఎలా కనిపిస్తుందని అతని వాదం. తయారీదారు చెప్పిన రకం పొయ్యాలి గాని రంగు చూసి కాదని పుస్తకం చదివినవాళ్ళు అంటారు. నిజమే. అయినా ఆకుపచ్చ జాడ మీద టార్చి వేసి, నాలుగడుగుల అవతలి నుంచి అతను వేలు చూపించడం నేను చూశాను.

ఒకరోజు కుర్రాడు ఫోన్లో ఏ.టి.వి.ల వీడియో చూస్తూ అడిగాడు: “ఉస్తాద్, ఈ టూ స్ట్రోక్ బండి నీళ్ళు తాగితే ఎలా పట్టుకోవాలి?” ఉస్తాద్ చెయ్యి తుడుచుకుని నేల మీద గీసి చూపించాడు. లారీ ఇంజన్లో నీళ్ళు కింది నూనెలో కలిస్తే డిప్‌స్టిక్ మీద పాలమీగడ రంగు కనిపిస్తుంది. చిన్న టూ స్ట్రోక్‌లో ఆ సాక్ష్యమే ఉండదు. పిస్టన్ కింద నూనె నిలవ ఉండదు. పెట్రోలూ నూనే కలిసి అక్కడినుంచే పైకెళ్ళి కాలతాయి. క్రాంక్‌కేస్‌లోకి దిగిన నీళ్ళు కూడా వాటితో కలిసి పైకెళ్ళి, తెల్ల పొగై సైలెన్సర్లోంచి వెళ్ళిపోతాయి. దాని గేరు నూనె వేరు. అది పాలరంగుకి తిరిగితే వాటర్ పంపు ఇరుసు సీలు మీద అనుమానపడాలి. హెడ్డు మీద అనుమానమైతే ప్లగ్గు విప్పి, పిస్టన్‌ని అట్టడుక్కి దింపి, నన్ను బిగించి రాత్రంతా వదిలెయ్యాలి. పొద్దున టార్చి వేస్తే బోర్‌లో తడి కనిపిస్తుంది. “పిస్టన్ నెత్తి ఒక పక్క కడిగినట్టు తెల్లగుంటే ఇంక సాక్షి అక్కర్లేదురా” అన్నాడు. రైల్వేలో డబ్ల్యు.డి.జి.-4 డీజిల్ ఇంజన్ కూడా టూ స్ట్రోకే, 4,000 హార్స్‌పవర్. దాని లైనర్ కారితే నీళ్ళు గాలిపెట్టెలో తేలతాయి. మన లైను మీద కరెంటు ఇంజన్లు కాబట్టి ఆ సరదా మనకి లేదని నవ్వాడు.

కుర్రాడికి ఇదంతా వంటబట్టిందో లేదో గాని, ఆ వారమే సాలూరు లారీ వచ్చింది. లారీలకు పేరుపడ్డ ఊరు అది. కోరాపుట్, జగ్దల్‌పూర్, గీదం మీదుగా ఇక్కడికి బళ్ళు తోలుతుంటారు.

“గురూ, రోజుకి రెండు లీటర్లు తాగెస్తంది. కింద సుక్క లేదు. నూనె బాగుంది. పొగ తెల్లగా లేదు.”

“హెడ్డు ఎవుడిప్పినాడు?”

డ్రైవరు ఉలిక్కిపడ్డాడు. దారిలో ఒక గ్యారేజీలో విప్పించాడట. కొత్త గాస్కెట్టు వేశారు, మళ్ళీ అదే తంతు. హెడ్ బోల్టుల మీది మెరుపు చూసే ఉస్తాద్ అడిగాడని నాకు మాత్రం తెలుసు.

చల్లారాక నన్ను బిగించారు. అరగంటలో ముల్లు వెంట్రుకవాసి దిగింది. అవునని గానీ కాదని గానీ చెప్పలేని దిగుడు. తొందరపడేవాడు ఇక్కడే మళ్ళీ హెడ్డు విప్పుతాడు. ఉస్తాద్ నాలో గాలి వదిలేసి సున్నాకి తెచ్చాడు. బ్రేకు ట్యాంకుల్లో గాలి కూడా ఖాళీ చేయించి, ఇంజన్ స్టార్ట్ చెయ్యమన్నాడు. నీళ్ళింకా చల్లగానే ఉన్నాయి, వేడికి ఉబ్బే సమయం కాదు. అయినా నా ముల్లు లేచింది. రెండు, నాలుగు, ఆరు.

“అదిగో, హెడ్డే!” అన్నాడు డ్రైవరు.

ఉస్తాద్ నన్ను చూడడం మానేసి డాష్‌బోర్డు మీది గాలి మీటరు చూశాడు. అది ఎనిమిది కిలోలకు చేరి గవర్నరు ‘ఫస్’మని గాలి వదిలింది. అదే క్షణాన నా ముల్లు ఆగింది. బ్రేకు పదేపదే తొక్కించాడు. ట్యాంకులో గాలి తగ్గింది, ఎయిర్ కంప్రెసర్ మళ్ళీ అందుకుంది. నా ముల్లు మళ్ళీ లేచింది. సిలిండర్లో మంట తోసే గాలైతే బ్రేకు ట్యాంకు నిండిందా లేదా అని చూసుకుంటుందా?

లారీ ఎయిర్ కంప్రెసర్‌కి కూడా చిన్న హెడ్డుంటుంది, దాన్ని చల్లబరిచేది ఇంజన్ నీళ్ళే. దాని గాస్కెట్ చీలితే బ్రేకు గాలి నీళ్ళలోకి దూరి, దారి పొడుగునా ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి నీళ్ళని బయటికి తోసేస్తుంది. బండి ఆగితే తోపుడూ ఆగుతుంది. అందుకే కింద చుక్క లేదు. కంప్రెసర్‌కి పోయే రెండు నీటి గొట్టాలనూ విప్పి, ఒకదానికొకటి కలిపి మళ్ళీ నిమిషంసేపు స్టార్ట్ చేస్తే నేను కదల్లేదు. ఎయిర్ ట్యాంకు కింద డ్రెయిన్ తిప్పితే వచ్చిన మురికినీళ్ళు వేళ్ళ మధ్య జిగురుగా, పచ్చగా ఉన్నాయి.

అరచేయంత గాస్కెట్. సాయంత్రానికి పని అయిపోయింది. పొద్దునే ట్యాంకు డ్రెయిన్ తిప్పి చూసుకోమనీ, వాగునీళ్ళు పొయ్యొద్దనీ చెప్పి ఉస్తాద్ బిల్లు రాశాడు. డ్రైవరు అంకె చూసి రెండోసారి చదువుకున్నాడు.

“ఇంతేనా? మరి హెడ్డు ఇప్పించినందుకు పెట్టిన డబ్బులో?”

“అది ఇప్పినోడినే అడుగు బాబూ.”