సైటు లేని సంబంధం

శ్రావణ ముహూర్తాలు ఇలా వచ్చాయో లేదో, పట్టుచీరల తగ్గింపు పక్కనే కంటి లేజరు తగ్గింపూ వచ్చి కూర్చుంది. ‘పెళ్లికూతుళ్లకు ప్రత్యేకం’ అట. మెహందీ, మేకప్, కార్నియా మూడూ ఒకే ప్యాకేజీలో కలిపేస్తే కన్నవాళ్లకు తిరుగుడైనా తప్పేది.

పెళ్లికొడుకులకు ఆ ప్రత్యేకం ఎందుకు లేదని అడక్కండి. అబ్బాయి అద్దాలు పెట్టుకుంటే బాగా చదువుకున్నవాడు. అమ్మాయి పెట్టుకుంటే ‘సైటు’. మైనస్ ఐదు అద్దాల్లోంచి మైనస్ రెండు పిల్లను చూసి, ‘‘అంతా బాగుంది గానీ...’’ అని నీళ్లు నమిలే వంశోద్ధారకులు మనకు కొదవా?

వాళ్ల తల్లుల శాస్త్రజ్ఞానం మరీ గొప్పది. ‘‘రేపు పిల్లలకొస్తుందేమో వదినగారూ, ఆ లేజరేదో చేయించెయ్యండి!’’ అమ్మా, దూరపుచూపు మసకబారేది చాలామందిలో కనుగుడ్డు పొడవు పెరిగి. లేజరు చెక్కేది ముందున్న కార్నియాను. గుడ్డు పొడవు అలాగే ఉంటుంది. సైటు బాగా ఎక్కువున్న కంట్లో సాగి పలచబడ్డ రెటీనా అలాగే ఉంటుంది. జన్యువుల్లో పొల్లు కూడా మారదు. మీ మనవడికి రావలసిన సైటు, తల్లి ముక్కు ఖాళీగా ఉందని వెనక్కి పోదు.

పైగా మీ అబ్బాయి మైనస్ ఐదు ఏ పద్దులో రాశారు? తండ్రి సైటు పిల్లలకు రాదని ఏ పురోహితుడు చెప్పాడు?

ఇక వెటకారం నావల్ల కాదు. కార్నియా మందమే అర మిల్లీమీటరు చిల్లర. పవరులో ఒక్కో డయాప్టరుకు అందులోంచి సుమారు 12 మైక్రాన్లు తీసేస్తారు. తీసింది మళ్లీ పెరగదు. అక్కడి నరాలు తెగి కళ్లు నెలల తరబడి పొడిబారవచ్చు. కొందరికి రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. కార్నియా పలచగా ఉన్నా, అది శంకువులా ముందుకు ఉబ్బే కెరటోకోనస్ ఛాయలున్నా ఈ ఆపరేషన్ కూడదు. పవరు కనీసం ఏడాదిగా నిలకడగా ఉండాలి. ఇవన్నీ స్కాను చూసి డాక్టరు తేల్చాల్సిన సంగతులు. లగ్నపత్రిక చూసి కాబోయే అత్తగారు తేల్చేవి కావు!

40 దాటాక చదువుకోవడానికి అద్దాలు ఎలాగూ వస్తాయన్న ముక్క ఆ ప్రకటనల్లో వెతికినా దొరకదు.

అద్దాలు తనకే వద్దనిపించిన అమ్మాయి, కన్ను అందుకు తగినదని తేలితే, నిక్షేపంగా చేయించుకోవచ్చు. అందుకు మూఢమైనా అడ్డు కాదు. సంబంధం కుదరాలంటే కన్ను కోయించుకోమనే ఇంటివాళ్లను మాత్రం, ఆడపిల్లల తల్లిదండ్రులారా, కాఫీ కూడా ఇవ్వకుండా సాగనంపండి.