హుక్కు గట్టిదే!

మా కాలనీలో ఒక కర్నల్ గారున్నారు. ఆయన సైన్యంలో ఏనాడూ పనిచెయ్యలేదు, ప్లాట్లు అమ్ముతారు. అయినా వాచ్‌మన్ నుంచి పాలవాడి దాకా అందరికీ ఆయన కర్నల్ గారే. కారణం ఒక్కటే, ఆయన దగ్గర జోంగా ఉంది. మనిషి హోదాను బట్టి బండి రావడం పాత పద్ధతి. ఇప్పుడు బండిని బట్టి హోదా వస్తోంది.

జోంగా తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. నిస్సాన్ వారి పాట్రోల్ జీపును మన సైన్యం కోసం జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో 1969 నుంచి 1999 దాకా తయారుచేశారు. ఆరు సిలిండర్లు, 3,956 సీసీ పెట్రోల్ ఇంజన్. అది బంకులోకి వస్తుంటే కుర్రాళ్లు ఎదురెళ్లి స్వాగతం చెబుతారు. సైన్యం అరగదీసి వేలంలో వదిలించుకున్న ఈ బళ్లను మోజున్నవాళ్లు వెతికి మరీ కొంటారు. 2019లో ధోనీ రాంచీలో ఒకటి నడిపాక ఆ మోజుకు ఇంకో కారణం అక్కర్లేకపోయింది. ధోనీకి టెరిటోరియల్ ఆర్మీ గౌరవ లెఫ్టినెంట్ కర్నల్ హోదా ఇచ్చింది. మా కర్నల్ గారికి కాలనీ వాట్సాప్ గ్రూపు అంతకంటే ఒక మెట్టు పైదే ఇచ్చింది.

కొన్న వారంలోనే బండికి అలంకారాలు మొదలయ్యాయి. పైన వరసగా లైట్లు, పక్కన జెర్రీ క్యాను, బానెట్ మీద పార. ఆ పారకు ఇంతవరకూ మట్టి అంటలేదు. రంగు దగ్గర చిన్న చిక్కొచ్చింది. రక్షణ శాఖ బళ్లకు తప్ప ఎవరి బండికీ ఆలివ్ గ్రీన్ వెయ్యకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది చెబుతోంది. “ఇది ఆలివ్ కాదండీ, గోంగూర పచ్చ” అని తేల్చేశారు కర్నల్ గారు. ఇక మిగిలింది వెనకాల హుక్కు.

“ఏం లాగడానికండీ?” అని అడిగాను.

“ముందు హుక్కంటూ ఉండాలి కదండీ, లాగేది అదే వస్తుంది” అన్నారు. వాగు లేనిచోట వంతెన కట్టే ఇంజనీర్లదీ ఇదే సిద్ధాంతం.

నిజానికి మిలిటరీ బండికి హుక్కు పుట్టుకతోనే వస్తుంది. దాన్ని పింటిల్ అంటారు. దవడ తెరిచి, ట్రైలర్ కొసనున్న ఇనుప రింగును అందులో వేసి, దవడ మూసి పిన్ను గుచ్చడమే. గుంతల్లో ట్రైలర్ ఎటు మెలిక తిరిగినా రింగు తట్టుకుంటుంది, కాకపోతే దారి పొడవునా గడగడా మోత. రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్ జీపులు పావు టన్ను ట్రైలర్లను ఇలాగే ఈడ్చాయి. మామూలు జనం వాడే చిన్న ట్రైలర్లను లాగే బండికి 50 మిల్లీమీటర్ల ఇనుప బంతి ఉంటుంది, ట్రైలర్ కొసనున్న గిన్నె దాని మీద కూర్చుంటుంది. మోత లేదు, అంత మెలికా లేదు. రింగు బంతికి ఎక్కదు, బంతి గిన్నె పింటిల్‌లో దూరదు. మన జోంగాకు పుట్టుకతో వచ్చిన పింటిల్‌ను వేలానికీ కర్నల్ గారికీ మధ్య ఎవరో విప్పుకున్నారు. కొత్తగా ఏది పెట్టించాలన్న ప్రశ్న వచ్చింది. ఆయన రెండూ పెట్టించమన్నారు. బంతికి క్రోమ్ పూత కూడా. లాగే బంతికి గ్రీజు రాస్తారు, ఈయన పాలిష్ పెట్టిస్తారు.

పని బెజవాడ ఆటోనగర్‌లో. లారీని నడిమికి కోసి మళ్లీ అతకగల మేస్త్రీలున్న చోటు. మా వెల్డింగ్ మేస్త్రీ మొదట హుక్కు వైపు చూడనేలేదు. గోనెపట్టా పరుచుకుని జీపు కిందకు దూరాడు, చిన్న సుత్తితో తట్టుకుంటూ పోయాడు. వెనక క్రాస్‌మెంబర్, అంటే అడ్డపట్టీ, దగ్గరకొచ్చేసరికి ఖంగుమనాల్సింది దబ్బుమంది.

“సార్, ఇక్కడ ఇనుము లేదు. లప్పం ఉంది, పైన రంగుంది.”

బండి బయల్దేరినప్పుడు ట్రైలర్ వెనక్కి గుంజుతుంది, బ్రేకు వేస్తే ముందుకు గుద్దుతుంది. ఈ గుంజుడూ గుద్దుడూ అంతా భరించేది హుక్కు కాదు, అది బిగించిన అడ్డపట్టీ, దాన్ని పట్టుకున్న చాసీ. పెట్టెలా మూసి ఉన్న ఆ పట్టీలో బురద చేరితే తుప్పు లోపల్నుంచి తింటుంది, బయటికి కనపడదు. బరువు సంగతి ఎడ్లబండి తోలినవాళ్లకు చెప్పక్కర్లేదు. వెనక భారమైతే కాడి పైకి లేస్తుంది. ట్రైలరూ అంతే. మొత్తం బరువులో ఇంచుమించు పదో వంతు హుక్కు మీద పడాలి, లేకపోతే రోడ్డు మీద తోక ఊపుతుంది. కాబట్టి హుక్కు కిందికీ మొయ్యాలి, వెనక్కీ లాగాలి. లప్పం ఈ రెండూ చెయ్యదు.

“ముందు పట్టీ మార్చాలి సార్. 8.8 అని తల మీద అచ్చున్న బోల్టులు వేద్దాం.”

“చాసీ ఎవడు చూస్తాడయ్యా? రంగు మాత్రం చెడకూడదు” అన్నారు కర్నల్ గారు.

పాత మిలిటరీ జీపుల బేరంలో ప్రభుత్వానికే చెయ్యి కాలింది. 1948లో లండన్‌లో మన హైకమిషనర్ కృష్ణమీనన్ కుదిర్చిన ఒప్పందం కింద 155 జీపులు ఒడ్డుకు చేరితే, పనికిరావని సైన్యం తేల్చింది. తర్వాత ఆయన రక్షణ మంత్రయ్యారు. కనుక కర్నల్ గారు నిరాశపడాల్సిన పని లేదు.

ఇక మోటారు వాహనాల చట్టం. ఆర్సీలోని వివరాలకూ కంపెనీ చెప్పినవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది 52వ సెక్షన్. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. చట్టం నిర్వచనం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే, దానికి మోటారు లేకపోయినా సరే. దాని రిజిస్ట్రేషన్ దానిదే, నంబరు ప్లేటు దానిదే. పదిహేనేళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ రుసుమును 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెంచారు. రెన్యువల్‌కు చాసీ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకుంటారు. నంబరు సరిపోతే చాసీ ఉన్నట్టే. మేస్త్రీ సుత్తికి ఫారంలో గడి లేదు.

వినాయక చవితికి లాగేది రానే వచ్చింది, డీజే డబ్బాలూ జనరేటరూ ఎక్కించిన ట్రైలర్. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర ట్రైలర్ ఆగిపోయింది. జోంగా ఆగలేదు. వెనక పాట దూరమవుతోందని ఆయనకు తెలిసేసరికి బండి మలుపు తిరిగిపోయింది. అదృష్టవశాత్తూ ఎవరికీ దెబ్బ తగల్లేదు. వెళ్లి చూస్తే హుక్కు వంగలేదు, బంతి మీద గీత పడలేదు, బోల్టు తెగలేదు. అన్నీ కలిసికట్టుగా, అడ్డపట్టీ ముక్కతో సహా ఊడి ట్రైలర్‌కు వేలాడుతున్నాయి.

“చూశారా, హుక్కు ఎంత గట్టిదో!” అన్నారు కర్నల్ గారు.

మీ దగ్గరా పాత మిలిటరీ జీపుంటే, హుక్కు కొనే ముందు ఒక సుత్తి పట్టుకుని దాని కిందకు దూరండి. వెనక పట్టీ ఖంగుమంటే నిక్షేపంగా బిగించుకోండి. లప్పం పొడి కళ్లలో పడితే హుక్కు డబ్బులు చాసీకి పెట్టండి. ఈ రెండూ కుదరకపోతే, దయచేసి డీజే ట్రైలర్ మాత్రం ఒప్పుకోకండి. దాని వెనకాల జనం నడుస్తారు.