వెనక సీటు కింద జాతీయ నిల్వ

జబల్‌పూర్ వార్త మీరూ చదివే ఉంటారు. హైకోర్టు జడ్జిగారి కారు ట్యాంకు 50 లీటర్లు, బంకువాడు వేసిన బిల్లు 57 లీటర్లకి. అధికారులు ఆగమేఘాల మీద దిగారు, బంకుకు సీలు పడింది. ఆ వెనకే పండితులూ దిగారు. కంపెనీ రాసే కెపాసిటీ వేరు, ట్యాంకు పట్టే కెపాసిటీ వేరు, పది పదిహేను శాతం ఎక్కువ పట్టడం మామూలే, జనం అపార్థం చేసుకోవద్దని సెలవిచ్చారు.

నేను అపార్థం చేసుకోలేదు. సరిగ్గానే అర్థమై, ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

దేశం ఆపదలో పడితే అక్కరకొస్తుందని విశాఖలో కొండరాయిని తొలిచి 13.3 లక్షల టన్నుల ముడిచమురు పట్టే గుహలు కట్టారు. మంగళూరులో, పాదూరులో ఇంకొన్ని. ఏళ్ల తరబడి పని, డబ్బు సంగతి సరేసరి. అదంతా దేనికండీ? నా డీజిల్ కారుదీ 50 లీటర్ల ట్యాంకే. అంటే వెనక సీటు కింద ఏడు లీటర్ల గుహ ఉన్నట్టేగా! కంపెనీవాడే తొలిచాడు, పుస్తకంలో మాత్రం రాయలేదు. రక్షణ రహస్యమంటే అలా ఉండాలి. శత్రుదేశపు గూఢచారి నా కారు మాన్యువల్ ఎత్తుకుపోయినా వాడికి చిక్కేది 50 లీటర్ల సమాచారమే.

ఇక ప్రభుత్వం ఆలస్యం చేయకూడదు. డీజిల్ కార్లన్నిటినీ వ్యూహాత్మక నిల్వ కేంద్రాలుగా నోటిఫై చేయాలి. ఓనరుకు గౌరవ సంరక్షకుడి హోదా, టోల్‌గేటు దగ్గర సెల్యూటు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి కేంద్ర బలగాల దగ్గర శిక్షణ. మా సెల్లారుకు ముళ్ల కంచె వేయించాలని అసోసియేషన్ మీటింగులో అప్పుడే తీర్మానం పెట్టాను. పక్క ఫ్లాటు మాస్టారు నొచ్చుకున్నారు: "నాది పెట్రోలు బండండీ, నాకు మాత్రం దేశభక్తి లేదా?" పెట్రోలు కార్లో అతిగా పోస్తే ఆవిరిని పట్టే కార్బన్ డబ్బా తడిసి పాడవుతుంది మాస్టారూ, మీరు చందా ఇవ్వండి చాలని సర్దిచెప్పాం.

నిల్వ నింపడం ఆషామాషీ పని కాదు. చమురు నాజిల్ మూతిని తాకగానే అది టక్కున ఆగిపోతుంది. డీజిల్‌కి నురుగెక్కువ, కాబట్టి ట్యాంకు నిండకముందే ఆగుతుంది. బంకు కుర్రాడి విద్య బయటపడేది అక్కడే. నురుగు దిగేదాకా ఆగుతాడు. కారును తుంటితో రెండు ఊపులు ఊపుతాడు. నాజిల్‌ను కాస్త పైకి లాగి, చుక్కచుక్కగా వదులుతూ "రౌండ్ ఫిగర్ చేసేదా సార్?" అంటాడు. గొట్టం మెడదాకా డీజిల్ తొణుకుతుంటుంది. నిజానికి పైన ఉన్న ఖాళీ ఎండకు చమురు పెరగడానికి వదిలింది. యాభై లీటర్లు ఇరవై డిగ్రీలు వేడెక్కితే ముప్పావు లీటరు పైనే పెరుగుతుంది. మే నెలలో రెంటచింతల రోడ్డు మీద ఆ ముప్పావు లీటరు కారిపోతే ఏడవకండి, జాతికి అంకితం అనుకోండి.

సరే, ట్యాంకు ఎక్కువే పడుతుంది. ఆ 57 లీటర్లలో మోసమే లేకపోవచ్చు. కానీ జడ్జిగారికి అనుమానం ఎందుకొచ్చింది? ఫుల్ ట్యాంకు కొట్టించారు కనక, బిల్లు మీది అంకె పుస్తకంలో అంకెను దాటింది కనక. రెండొందలకు డీజిల్ పోయించుకునే ఆటో డ్రైవరుకి ఏ అంకె దాటుతుంది? 2020లో సైబరాబాద్ పోలీసులు ఏలూరు ముఠాను పట్టుకున్నారు గుర్తుందా? రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 33 బంకుల్లో చిప్పులు. లీటరుకు 970 మిల్లీలీటర్లే పోసి, మీటరు మీద మాత్రం నిండు లీటరు చూపించాయి. ఆ ముప్పై మిల్లీలీటర్లు ఏ బిల్లులోనూ కనపడవు. రోజు కూలీతో బండి నడిపేవాడి ట్యాంకు ఎన్నడూ నిండదు, వాడి దగ్గర కొట్టేసింది ఎన్నడూ తేలదు.

ప్రతి బంకులోనూ తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఐదు లీటర్ల కొలపాత్ర ఉండాలి. ఎవరడిగినా కొలిచి చూపించాలి. తేడా 25 మిల్లీలీటర్లు దాటకూడదు. వెళ్లి అడగండి. పాత్ర ఓనరుగారి గదిలో ఉందంటారు, తాళం ఆయన దగ్గరుందంటారు, ఆయన ఊళ్లో లేరంటారు. ఈలోగా వెనక బళ్లవాళ్లు హారన్లు కొడుతూ మిమ్మల్నే తిడుతుంటారు. ఖాకీ చొక్కావాడు ఆ క్యూలో నిలబడి పాత్ర తెమ్మంటే తెస్తారా? జడ్జిగారి కారుకు పరుగున వచ్చిన శాఖకు వాడి ఆటో ఎందుకు ఆనదు? పొద్దున్నే అందరి ముందూ కొలిచి, ఎంతొచ్చిందో పంపు మీద చాక్‌పీసుతో రాయడానికి ఏ చట్టం అడ్డొచ్చింది? అది చేయరు గానీ, జనం అపార్థం చేసుకోవద్దట! మాకు అర్థమయ్యేలా చెప్పడం తర్వాత, ముందు ఆ గది తాళం తీయించండి.